పికప్ బండికి పెద్ద టైర్లు, ఎత్తు స్ప్రింగులు: ఒక చిన్న లెక్క

బాట లేని చోట బండి నడపటం మన దేశంలో ఒకప్పుడు సైన్యానికీ, అటవీశాఖకీ, తోటల యజమానులకీ మాత్రమే తెలిసిన పని. దానికి అందరికీ తెలిసిన బండి జీపు. ఇప్పుడలా లేదు. మన శ్రీసిటీలో ఇసుజు వారి కర్మాగారం 2016లో మొదలై పికప్ బండ్లను తయారుచేసింది. 2022లో టొయోటా హైలక్స్ కూడా మన మార్కెట్టులోకి వచ్చింది. ముందు నలుగురైదుగురు కూర్చునే గది, వెనక సరుకు తొట్టి, నాలుగు చక్రాలకీ ఇంజను శక్తి అందే ఏర్పాటు: ఇదీ వీటి స్వరూపం.

ఇవి కొన్నవాళ్ళూ, కొనాలని కలలు కనేవాళ్ళూ, మెకానికల్ చదివిన పాపానికి నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "ఎన్ని అంగుళాలు లేపించమంటారు సార్?" జవాబు చెప్పటం కష్టం కాదు గాని, ప్రశ్నే తలకిందులుగా ఉంది. ముందు నేల, నేలని బట్టి టైరు, టైరుని బట్టి ఎత్తు. ఇదీ అసలు వరస. ఎందుకో లెక్క కట్టి చూద్దాం. లెక్క అనగానే ఆర్ట్స్ విద్యార్థులు పేజీ తిప్పెయ్యనక్కర్లేదు. కూడికా, గుణకారమూ వస్తే చాలు.

టైరు మీది అంకెలు

టైరు పక్కగోడ మీద 245/70 ఆర్ 16 అని ఉందనుకోండి. 245 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 70 వంతులని. ఆర్ అంటే రేడియల్ టైరని. 16 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాలలో. మిల్లీమీటర్లూ, శాతమూ, అంగుళాలూ ఒకే వరసలో కలిసి కాపరం చేస్తున్నాయన్నమాట!

ఇప్పుడు పక్కగోడ ఎత్తు 171.5 మి.మీ. కిందొక గోడ, పైనొక గోడ, మధ్యన 406.4 మి.మీ. రిమ్ము. అన్నీ కలిపితే టైరు వ్యాసం 749 మి.మీ. అదే రిమ్ము మీద 265/70 వేస్తే వ్యాసం 777, 265/75 వేస్తే 804, 285/75 వేస్తే 834 మి.మీ. అవుతుంది. అమెరికా కుర్రకారు ముచ్చటగా చెప్పుకునే "33 అంగుళాల టైరు" సుమారుగా ఈ చివరిదే.

ఇంకో అంకె కూడా ఉంటుంది, చాలామంది చూడనిది. అది భారం అంకె. 111 అని ఉంటే ఆ టైరు 1090 కిలోల వరకు మోయగలదని అర్థం. కొత్త టైరు ఎంత పెద్దదైనా ఈ అంకె పాతదానికన్నా తగ్గకూడదు.

ఏది దేన్ని లేపుతుంది?

ఇక్కడే చాలామంది పొరపడతారు. పికప్ బండికి వెనక చక్రాల మధ్య గట్టి ఇరుసు ఉంటుంది. ఆ ఇరుసు మధ్య గుండ్రంగా ఉబ్బి కనిపించేది డిఫరెన్షియల్. రాయి తగిలేది సాధారణంగా దానికే. ఇరుసు కమాను కట్టలకు బిగించి ఉంటుంది. బండి శరీరం ఆ కట్టల మీద కూర్చుంటుంది. కట్టలు ఎత్తుచేస్తే శరీరం లేస్తుంది కాని ఇరుసు ఉన్న చోటే ఉంటుంది. మూడంగుళాలు లేపినా, ఆరంగుళాలు లేపినా డిఫరెన్షియల్ నేలకు ఒక్క వెంట్రుకవాసి కూడా దూరం జరగదు. దాన్ని లేపగలిగింది టైరు ఒక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగం మాత్రమే. 245/70 తీసి 265/75 వేస్తే ఇరుసు లేచేది 27 మి.మీ. 285/75 వేస్తే 42.

అయితే ఎత్తు స్ప్రింగులు దండుగా అంటే, కాదు. గట్టు ఎక్కబోయేటప్పుడు ముందు బంపరు తగలకుండా, దిగేటప్పుడు తోక ఈడవకుండా, గట్టు నడినెత్తిన పొట్ట ఆనకుండా కాపాడేవి అవే. పెద్ద టైరుకి కొంత చోటు ఇచ్చేవీ అవే. కాని ఈ చోటుకీ ఒక మెలిక ఉంది. గోతిలో పడి స్ప్రింగు పూర్తిగా అణగినప్పుడు చక్రం పైకి వచ్చి ఆగే స్థానం, ఆపే రబ్బరు దిమ్మని మార్చకపోతే, లేపకముందు ఎక్కడో లేపిన తరువాతా అక్కడే. అంచేత నిలబెట్టిన బండిలో తగలని టైరు గోతిలో తగలవచ్చు. స్టీరింగు పూర్తిగా తిప్పి, ఒక చక్రాన్ని దిమ్మె ఎక్కించి చూసినప్పుడే నిజం తెలుస్తుంది.

నేలని బట్టి టైరు

గోదావరి ఇసుకలో కావలసింది ఎత్తు కాదు, నేలని తాకే వైశాల్యం. చదరపు అంగుళానికి 32 పౌన్లున్న గాలిని 18కి దింపితే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. దీనికయ్యే ఖర్చు సున్నా. కాకపోతే మెల్లగా నడపాలి, తారు రోడ్డెక్కే ముందు మళ్ళీ గాలి నింపాలి. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పేలుతుంది.

నల్లరేగడి సంగతి వేరు. వానాకాలంలో ఆ బంక టైరు గాళ్ళలో నిండిపోతే ఎంత పెద్ద టైరైనా నున్నటి రోకలి అవుతుంది. అక్కడ గాళ్ళు వెడల్పుగా ఉండి, తిరిగేకొద్దీ బురదని విసిరేసే మడ్ టెర్రయిన్ రకం కావాలి. అది తారు రోడ్డు మీద గోల చేస్తుంది, తడిలో పట్టు తగ్గుతుంది. ఏజెన్సీ కొండదారుల రాళ్ళకి ఎత్తయిన, దృఢమైన పక్కగోడ కావాలి. వారంలో ఆరు రోజులు తారు మీదా, ఒక రోజు మట్టి మీదా నడిచే బండికి ఆల్ టెర్రయిన్ రకం చాలు. మనలో నూటికి తొంభైమందిది ఈ చివరి కోవే.

స్ప్రింగుల సంగతి

ముందు చక్రాలు వేటికవే విడిగా కదులుతాయి. అక్కడ స్ప్రింగు నేరుగా చక్రానికి కాక, చక్రాన్ని మోసే చేతికి మధ్యలో ఆని ఉంటుంది. స్ప్రింగు మీద 25 మి.మీ. బిళ్ళ వేస్తే ముందు భాగం 25 కాదు, అంతకన్నా ఎక్కువే లేస్తుంది. ఇంటర్‌లో చదివిన తులాదండ సూత్రమే ఇది. వెనక దీనికి తిరగేసి: కమాను కట్ట చివర వేలాడే షాకిల్‌ని 50 మి.మీ. పొడిగిస్తే బండి లేచేది సుమారు 25.

బిళ్ళ వేసినందువల్ల చక్రం మొత్తం కదలిక పెరగదు. పైకి ఎంత జరిగిందో కిందికి వేలాడటం అంత తగ్గుతుంది. పైగా ముందు చక్రాలకు శక్తినిచ్చే ఇరుసులు ఏటవాలవుతాయి, వాటి కీళ్ళు త్వరగా అరుగుతాయి. 50 మి.మీ. దాటితే ఈ బెడద బాగా పెరుగుతుంది. ఎంత లేపినా చక్రాల వాలు మళ్ళీ సరిచేయించటం తప్పనిసరి.

రాబడి, పోబడి

749 నుంచి 804కి పోతే వ్యాసం 7.3 శాతం పెరిగింది. స్పీడోమీటరు 80 చూపిస్తుంటే బండి నిజానికి 86 కిలోమీటర్ల వేగంతో పోతోంది. నేలను తన్నే బలం సుమారు 7 శాతం తగ్గుతుంది. పాత చేవ కావాలంటే 4.10 ఉన్న ఇరుసు గేరు నిష్పత్తిని 4.40కి మార్చాలి. బ్రేకుదీ అదే కథ. అంతే బలంతో తొక్కినప్పుడు బండిని ఆపే శక్తి అదే 7 శాతం తగ్గుతుంది. స్టెప్నీ టైరు బండి కింద తన చోటులో పడుతుందో లేదో కూడా కొనే ముందే కొలుచుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది

రెండు చక్రాల మధ్య దూరాన్ని, గరిమనాభి ఎత్తుకి రెట్టింపు చేసి దానితో భాగిస్తే వచ్చే అంకె, బండి బోల్తా పడకుండా ఎంత నిలకడగా ఉందో చెబుతుంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2001 మోడళ్ళ నుంచి బోల్తా ప్రమాదాన్ని అంచనా కట్టటానికి దీన్నే ఆధారం చేసుకుంది. చక్రాల మధ్య దూరం 1560 మి.మీ., గరిమనాభి ఎత్తు 700 అనుకుందాం. అంకె 1.11. టైరూ, స్ప్రింగూ కలిసి గరిమనాభిని 70 మి.మీ. పైకి నెట్టితే అంకె 1.01కి దిగుతుంది. మలుపులో బండి పక్కకి ఒరగటం, చక్రం రోడ్డు అంచు దిగటం దీన్ని ఇంకా దిగజారుస్తాయి. తొట్టిలో నలుగురు నిలబడితే గరిమనాభి మరీ పైకి పోతుంది.

గేదె అడ్డం వచ్చిందని స్టీరింగు చటుక్కున తిప్పామనుకోండి. కిందున్న బండి జారి ఆగిపోయే చోట, లేపిన బండి తిరగబడవచ్చు. ఇది అందానికి సంబంధించిన విషయం కాదు. లోపలున్నవాళ్ళ ప్రాణాలకు సంబంధించినది. దీనికి చట్టం కూడా తోడుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. కాబట్టి కంపెనీ ఆ మోడలుకి అనుమతించిన కొలతలు దాటే ముందు ఆర్.టి.ఓ. ఆఫీసులోనూ, బీమా వారి దగ్గరా వాకబు చెయ్యటం మంచిది. ప్రమాదం జరిగాక వాకబు చేస్తే ప్రయోజనం లేదు.

ఇంతకీ తేలిందేమిటి? మొదట అసలు కొలతలోనే మంచి ఆల్ టెర్రయిన్ టైర్లు వేయించండి. గాలి కొలిచే గేజీ ఒకటి, చిన్న పంపు ఒకటి కొనండి. ఒక ఏడాది నడపండి. ఎక్కడ ఆగిపోయారో, ఏది తగిలిందో రాసిపెట్టుకోండి. డిఫరెన్షియల్ తగిలితే టైరు గురించి ఆలోచించండి. పొట్టో, బంపరో తగిలితే స్ప్రింగు గురించి ఆలోచించండి. అనుమతి ఉన్న చోట కూడా, కావలసిన టైరు పట్టడానికి ఎంత తక్కువ చాలుతుందో అంతే లేపండి. ఏదీ తగలకపోతే మీ బండి ఎత్తు సరిపోయినట్టే. మిగిలిన డబ్బు పెట్రోలు బంకులో ఇచ్చి, ఇంకో నాలుగు ఊళ్ళు చూసి రండి.