బ్రాడీపేట గది కుదిరిందటగా

బంగారు తల్లీ బుజ్జమ్మా,

నువ్వు షాపు గదికి అడ్వాన్సు ఇచ్చేశావని మీ నాన్న ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. హైదరాబాదులో నాలుగేళ్లు చదివి ఆప్టోమెట్రిస్టువై గుంటూరుకే వస్తున్నావన్న సంతోషం ఒకపక్క, నెల తిరిగేసరికి అద్దె, కుర్రాడి జీతం, మెషీన్ల లోను కిస్తీ మూడూ ఒకేసారి గుమ్మంలో నిలబడితే పిల్ల ఎలా నెట్టుకొస్తుందోనన్న బెంగ ఇంకోపక్క.

ఒక్కమాట విను. కంటి పరీక్షకు ఫీజు పెట్టు. వీధిలో షాపులన్నీ 'పరీక్ష ఉచితం' అని బోర్డు కడుతుంటే నువ్వు డబ్బులడగడానికి మొహమాటపడతావు, నాకు తెలుసు. కానీ తల్లీ, ఉచితంగా చూసిన అరగంట ఖర్చంతా ఫ్రేముల మీదే రాబట్టాలి, అప్పుడు పాయింట్ ఇరవై ఐదు తేడాకే కొత్త జోడు రాయమని మనసు లాగుతుంది. ఎండాకాలం సెలవుల్లో తెనాలి వచ్చి నా కళ్లజోళ్ల షాపులో నా పక్కన స్టూలు మీద కూచునేదానివి గుర్తుందా, సూదిలో దారం ఎక్కట్లేదని వచ్చిన టైలరు తాతకి సైటేం మారలేదని నేను చూసి చెప్పేలోపే నువ్వు ఆయన అద్దాలు కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, "ఇప్పుడు చూడు తాతా" అని చేతికిచ్చావు. నేను ముక్కు ప్యాడ్లు మార్చి, ఒరిగిన కాడ సరిచేసి పంపాను. ఆ గుణం నీకు పుట్టుకతో వచ్చింది. "పాత జోడే చాలు" అని ధైర్యంగా చెప్పగలగాలంటే ఆ మాటకూ నీకు కూలి దక్కాలి.

మిగతావి నీకు తెలిసినవే. షాపు ఖాతా, ఇంటి ఖాతా కలపకు. గల్లాలోంచి చేతికొచ్చినంత తీయకుండా నీకూ నెలజీతం రాసుకో. సగం డబ్బు చేతికొచ్చాకే ల్యాబుకి ఆర్డరివ్వు, ఒకరి పవరుకీ యాక్సిస్‌కీ కోసిన లెన్సు ఇంకొకరికి పనికిరాదు. డజను కొంటే రెండు ఫ్రీ అనే సేల్స్‌మన్‌కి టీ ఇచ్చి పంపు, ఫ్రేములు మాత్రం అమ్ముడైన లెక్క చూసుకునే కొను. కళ్లజోళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి 2025 సెప్టెంబరు 22న తగ్గింది కదా, వసూలు చేసిన ఆ అయిదూ సర్కారువే, పక్కన పెట్టు.

డబ్బుల్లేని ముసలివాళ్లని నువ్వెలాగూ వెనక్కి పంపవు. గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో పెట్టిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఇవ్వగలవాళ్ల ఫీజే ఇవ్వలేనివాళ్లకి ఆసరా అయింది. నువ్వూ ఊరికే ఇచ్చిన ప్రతి జోడు ఖరీదూ పుస్తకంలో రాయి, వచ్చే నెల ఇంకెందరికి ఇవ్వగలవో తెలుస్తుంది.

ప్రారంభానికి నేనూ పెద్దమ్మా ముందురోజే వస్తాం. ఫ్రేములకి కొన్న నెల వేసి ట్యాగులు కట్టే పని నాకు ఉంచు.

నీ పెదనాన్న