వేరులో విషం – మొండి పురుగు

కాండం ఎంత బలంగా ఉన్నా, వేళ్లు తెగితే మొక్క నిలబడలేదు. అమెరికా మొక్కజొన్న చేలకు ఇటువంటి నష్టం కలిగించే పురుగు పేరు పశ్చిమ మొక్కజొన్న వేరుపురుగు. మన వేరుసెనగ చేలను పాడుచేసే వేరుపురుగు లాగానే ఇది కూడా ఒక పెంకుపురుగు పిల్లే.

తల్లి పురుగు వేసవి చివర మొక్కజొన్న చేలోని మట్టిలో గుడ్లు పెడుతుంది. చలికాలమంతా అవి మట్టిలోనే ఉండి, మరుసటి ఏడు కొత్త పైరు వేళ్లు దిగే వేళకు పొదుగుతాయి. లార్వాలు ఆ వేళ్లను తిని పెరుగుతాయి. మొక్కకు నీరు, పోషకాలు అందవు. గాలి వీస్తే ఒరిగిపోతుంది.

మట్టిలో దాగిన పురుగును చంపడమెలా? శాస్త్రజ్ఞులు వేరులోనే విషాన్ని ఉంచారు. మట్టిలో బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా ఉంటుంది. దీన్ని క్లుప్తంగా 'బీటీ' అంటారు. ఇది తయారుచేసే ఒక ప్రోటీను లార్వా పేగుగోడను దెబ్బతీస్తుంది. ఆ ప్రోటీనును తయారుచేయించే జన్యువును మొక్కజొన్నలో చేర్చారు. ఈ రకం 2003లో అమెరికా రైతులకు అందింది.

అయితే 2009లో అయోవా రాష్ట్రంలోని కొన్ని చేలల్లో బీటీ మొక్కజొన్న వేళ్లను కూడా పురుగు తినేసింది. అక్కడి పురుగులకు నిరోధకశక్తి వచ్చిందని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2011లో ప్రకటించారు. ఆ చేలల్లో కనీసం మూడేళ్లు వరుసగా అదే రకం బీటీ మొక్కజొన్న వేశారు.

మరి పురుగులు విషాన్ని తట్టుకోవడం నేర్చుకున్నాయా? లేదు. పురుగులన్నీ ఒకేలా ఉండవు. ఏ కొన్నింటికో పుట్టుకతోనే ఆ శక్తి ఉంటుంది. మిగిలినవి చనిపోతే, బతికినవి తమలో తామే జతకట్టి ఆ గుణాన్ని పిల్లలకు అందిస్తాయి. ఏటా అదే పంట వేస్తే ఏటా అటువంటివే మిగులుతాయి.

దీనికి విరుగుడుగా చేలో కొంత భాగంలో బీటీ లేని మొక్కజొన్న వేస్తారు. దీనిని 'ఆశ్రయం' అంటారు. అక్కడ బతికిన మామూలు పురుగులు మొండి పురుగులతో జతకడితే నిరోధకశక్తి త్వరగా వ్యాపించదు. మరో ఉపాయం పంట మార్పిడి. మరుసటి ఏడు సోయా చిక్కుడు వేస్తే, పొదిగిన లార్వాలు తిండిలేక చస్తాయి.

కాని పంట మార్పిడినే నమ్ముకున్న ఇల్లినాయ్ రాష్ట్రంలో 1990ల నాటికి సోయా చేలల్లో గుడ్లు పెట్టే పురుగులు పెరిగాయి! మరుసటి ఏడు అక్కడ మొక్కజొన్నే వేస్తారు కదా. కనుక ఏ ఒక్క ఉపాయాన్నీ ఎడతెగకుండా వాడకూడదు. మార్చి మార్చి, కలిపి వాడాలి.

ఆలోచించండి: ఆశ్రయపు మొక్కలను బీటీ చేనుకు చాలా దూరంగా వేస్తే ఏమవుతుంది?