డాబా మీది డిష్‌తో రేడియో పాఠం



నేను బి.కాం. చదివి, పూణేలో బ్యాంకు గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్నాళ్ళపాటు, మధ్యాహ్నం వేళ మా శాఖకు ఉపగ్రహ లింకు కొద్ది నిమిషాలు తెగిపోయేది. కౌంటరు ముందు జనం విసుక్కునేవారు. "సన్ అవుటేజ్" అని సర్క్యులర్ ముందే వచ్చేది. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి, తన రేడియో రొదతో సంకేతాన్ని ముంచేస్తాడని తర్వాత తెలిసింది. ఆకాశం నుంచి వచ్చే ఆ రొదనే కొలిచి చదివేది రేడియో ఖగోళశాస్త్రం. 1932లో కార్ల్ జాన్‌స్కీ కూడా, టెలిఫోన్ సంభాషణలకు అడ్డుపడే రొద ఎక్కడిదో వెతుకుతూనే పాలపుంత తరంగాలను పట్టుకున్నాడు.

మా పూణే జిల్లా ఖోడద్ దగ్గర 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి. మొదటి పాఠానికి అంత అక్కర్లేదు. వాడకుండా పడివున్న 60 సెంటీమీటర్ల టీవీ డిష్ చాలు.

నిరుడు మన ఉపకార వేతనం అందుకుంటున్న ముగ్గురు బి.ఎస్సీ. పిల్లలతో మా డాబా మీద చేయించాను. డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బికీ పాత సెట్‌టాప్ బాక్సుకీ నడుమ, ముల్లు ఉన్న సాటిలైట్ ఫైండర్‌ను కలపాలి. దాని ఖరీదు కొన్ని వందల రూపాయలే. కరెంటు బాక్సు నుంచే అందుతుంది. ఖాళీ ఆకాశం వైపు తిప్పి, ముల్లు కింద ఉండేలా సరిచేయాలి. గోడవైపు తిప్పితే ముల్లు లేస్తుంది. వెచ్చని వస్తువులన్నీ కొద్దో గొప్పో రేడియో తరంగాలు వెదజల్లుతాయి మరి.

మొదటిరోజు సూర్యుడు దొరకనేలేదు! ఈ డిష్ మొహం ఒకవైపు, చూపు మరోవైపు. డిష్ మధ్యలో చిన్న అద్దం ముక్క అంటించి, దాని వెలుగు ఎల్‌ఎన్‌బి మీద పడేలా తిప్పాం. ముల్లు గభాలున లేచింది. సూర్యుణ్ణి గానీ అద్దాన్ని గానీ తేరిపార చూడకూడదు. పిట్టగోడ దగ్గర పెద్దవాళ్ళొకరు తప్పక ఉండాలి.

తర్వాత డిష్‌ను సూర్యుడికి కాస్త పడమరగా జరిపి బిగించి, నిమిషానికొక రీడింగు రాయించాను. భూమి 4 నిమిషాలకు 1 డిగ్రీ తిరుగుతుంది. ముల్లు సగం ఎత్తు దాటి పైకెళ్ళి, మళ్ళీ ఆ సగానికి దిగడానికి 12 నిమిషాలు పడితే, డిష్ చూపు వెడల్పు సుమారు 3 డిగ్రీలన్నమాట.

ఒకబ్బాయి పుస్తకంలో అంకెలు మరీ నున్నగా కనిపించాయి. అడిగితే, మంచినీళ్ళకు కిందికి వెళ్ళి, ఆ రెండు నిమిషాలూ అంచనాతో నింపానన్నాడు. రెండు గళ్ళూ కొట్టించి "చూడలేదు" అని రాయించాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు. బ్యాంకులో పది పైసల తేడాకు రాత్రిదాకా కూర్చున్నవాణ్ణి, నాకు వచ్చిన విద్య అదొక్కటే. మరుసటి ఆదివారం తనే వచ్చి, మొదటినుంచీ మళ్ళీ తీశాడు. ఈసారి మంచినీళ్ళ చెంబు పక్కనే పెట్టుకున్నాడు.

మీరూ చేయదలిస్తే మార్చి, అక్టోబరుల్లో సన్ అవుటేజ్ వచ్చే రోజుల్లో మధ్యాహ్నం పెట్టుకోకండి. అప్పుడు సూర్యుడి దారిలోనే టీవీ ఉపగ్రహాలు ఉంటాయి. ముల్లు ఎవరిని చూసి లేచిందో తేల్చలేం.