రెండు నావలు – ఒక ప్రశ్న

బంజారా హిల్స్ నుండి పంజాగుట్ట, ఖైరతాబాదుల మీదుగా సాగిపోయిన వారికి హుస్సేన్ సాగరముపై తెల్లని తెరచాపలు కనుపించును. ఒకనాటి సాయంకాలము అచట నిలిచియుండగా మా విద్యార్థి ఒకడు, “సార్, పెద్ద పడవ మంచిదా, చిన్న పడవ మంచిదా?” అని అడిగినాడు. మేము తెలుగు పాఠము చెప్పువారమే గాని నావికులము కాము. అయినను ఆ ప్రశ్నలో ఏదో లోపమున్నట్లు తోచినది. ఎవరికి మంచిది? ఏ ప్రయాణమునకు మంచిది? ఈ రెండు మాటలు చేరనిదే ఆ ప్రశ్న పూర్తి కాదు. దీనిని రెండు నిజమైన నావలను ప్రక్కప్రక్కన నిలిపి పరిశీలింతము.

గోవాలోని అక్వేరియస్ నౌకానిర్మాణశాలలో 2017వ సంవత్సరమున రెండు తెరచాప నావలు సిద్ధమైనవి. ఒకటి ‘తారిణి’, మరొకటి ‘తురీయ’. రెండును భూమిని చుట్టివచ్చుటకే నిర్మింపబడినవి. కాని వాని నడుమ పోలిక కంటె భేదమే హెచ్చు.

తారిణి భారత నౌకాదళపు నావ. పొడవు సుమారు 55 అడుగులు. కొయ్యను నడుమనుంచి ఇరువైపుల ఫైబర్ గ్లాసు పొరలు అతికిన దేహము. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా అధికారులు దీనిపై గోవా నుండి బయలుదేరి, 254 దినములలో 21,600 నాటికల్ మైళ్ళు తిరిగి 2018 మే 21న చేరుకొనిరి. వారిలో లెఫ్టినెంట్ బి. ఐశ్వర్య మన హైదరాబాదు ఆడపడుచు. లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి విశాఖపట్టణము బిడ్డ. దారిలో రేవులలో ఆగుచు, సామగ్రి నింపుకొనుచు పోవుట వారి పద్ధతి.

తురీయ పొడవు 32 అడుగులు. పూర్వము బొంబాయిలో నిర్మింపబడిన ‘సుహేలీ’ అను నావకు ఇది ప్రతిరూపము. ఆ సుహేలీపై రాబిన్ నాక్స్ జాన్స్‌టన్ 1968–69లో 312 దినములు ఒంటరిగా, ఎక్కడను ఆగక భూమిని చుట్టివచ్చెను. తురీయపై 2018 జూలై 1న ఫ్రాన్సు నుండి బయలుదేరిన కమాండర్ అభిలాష్ టామీ కూడ ఒంటరియే. ఆ పందెపు నియమములు కఠినమైనవి: మజిలీలు లేవు, ఉపగ్రహముల సహాయముతో దారి తెలిసికొనరాదు, సెక్స్‌టెంటుతో సూర్యనక్షత్రములను కొలిచి, కాగితపు పటముపై తన స్థానమును గుర్తించుకొనవలెను.

ఇప్పుడు లెక్కలు చూతము. బరువైన నావ వేగము నీటిని తాకు పొడవుపై ఆధారపడును. ఆ పొడవును అడుగులలో తీసికొని, వర్గమూలమును 1.34తో గుణించినచో గంటకు పోగల గరిష్ఠ వేగము నాటికల్ మైళ్ళలో సుమారుగా వచ్చును. 25 అడుగులైనచో 6.7, 49 అడుగులైనచో 9.4. కనుక పొడవైన నావ త్వరగా గమ్యము చేరును.

ఇక నీరు. తలకు దినమునకు మూడు లీటర్లు అనుకొందము. ఆరుగురికి నలుబది దినముల మజిలీకి 720 లీటర్లు. ఒంటరివానికి 312 దినములకు 936 లీటర్లు! చిన్న నావకే పెద్ద బరువు. అందుచేతనే అట్టివాడు వాననీరు పట్టుకొనక తప్పదు.

మూడవది పనితనము. పెద్ద తెరచాపను గాలివానలో దింపుట కష్టము. చిన్న నావలో రెండు స్తంభములకు పంచిన చిన్న తెరచాపలను ఒక్కడే సవరించుకొనగలడు.

పరీక్ష రెండింటికిని వచ్చినది. తారిణి చుక్కాని యంత్రాంగము తిరుగుప్రయాణమున చెడగా, మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవున ఆగి బాగుచేసికొనిరి. ఆగుటకు వీలున్న ప్రయాణమునకు గల మేలు అది. తురీయను 2018 సెప్టెంబరు 21న హిందూ మహాసముద్రపు తుపాను బోర్లదోసినది. స్తంభములు విరిగినవి, అభిలాష్ వెన్నెముకకు తీవ్రమైన గాయమైనది. సెప్టెంబరు 24న ఒక ఫ్రెంచి నావ వచ్చి రక్షించువరకు ఆయన కదలలేక పడియుండెను. దీనిని బట్టి చిన్న నావ చెడ్డదనుట తొందరపాటు. అదే తుపానులో 36 అడుగుల మరొక నావ కూడ స్తంభములు కోల్పోయినది.

ఆయన మాత్రము 2022లో అదే పందెమునకు మరల వెళ్ళెను. ఈసారి ఎన్నుకొన్నది 36 అడుగుల ‘బయానాత్’. (మన ఉర్దూ విద్యార్థులకు ఈ పేరు క్రొత్త కాదు.) ఆ పందెమున అనుమతింపబడిన పొడవు 32 నుండి 36 అడుగులు. అనగా నియమము మీరక, దాని చివరి అంచు వరకు పోయెను. 2023లో రెండవ స్థానమున గమ్యము చేరెను. తారిణియో, 2024 అక్టోబరు 2 నుండి 2025 మే 29 వరకు ఇద్దరే మహిళా అధికారులతో మరల భూమిని చుట్టివచ్చినది. పెద్ద నావకు ఎక్కువమంది కావలెనన్న తలంపు కూడ అన్నివేళల నిలువదు, శిక్షణయే ప్రధానము.

కావున నావను చూచుటకు ముందు మనలను మనము చూచుకొనవలెను. ఎంతదూరము పోవలెను? తోడెవరు? దారిలో ఆగవచ్చునా? చెడినదానిని మన చేతులతో బాగుచేసికొనగలమా? ఉన్న ధనమెంత? ఈ అయిదింటికి సమాధానము వ్రాసికొన్న తరువాతనే కొలతలు చూడవలెను.

ఆనాడు ప్రశ్న అడిగిన విద్యార్థి ఇంకను ఈత నేర్వలేదట. అతనికి మా సమాధానము ఒక్కటే: నాయనా, ముందు ఈత, తరువాత ఈ చెరువుపై గురువు తోడుగా చిన్న పడవ. తారిణియా, తురీయయా అన్నది ఆ పిమ్మట నీవే మాకు చెప్పగలవు.