సీసా మీది నంబరు

చిరంజీవి బుజ్జికి,

డల్లాస్‌లో ఫార్మసీ టెక్నీషియన్‌గా చేరావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. న్యూజెర్సీలో ఇదే కౌంటర్ వెనక జుట్టు నెరిసినవాణ్ణి కాబట్టి ఒక్క మాట. షెల్ఫులోంచి సీసా తీసేటప్పుడు పేరు చూసి ఆగిపోకు, రంగును అసలు నమ్మకు. ఎన్‌డీసీ (నేషనల్ డ్రగ్ కోడ్) నంబరు కలిస్తేనే అది నీకు కావలసిన మందు.

ఉదాహరణకు పార్క్-డేవిస్ పేరుతో వచ్చిన లిపిటార్ 10 మిల్లీగ్రాముల సీసా తీసుకో. దాని మీద 0071-0155-23 అని ఉంటుంది. మొదటి ముక్క కంపెనీది, దాన్ని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కేటాయిస్తుంది. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్‌ది 55111, అరబిందోది 65862. రోజూ కనిపిస్తాయి, నాకైతే ఇప్పటికీ చూస్తే ముచ్చటే. రెండో ముక్క మందు, దాని మోతాదు, రూపం. మూడోది ప్యాకింగు, ఇక్కడ 90 మాత్రల సీసా. 0155 బదులు 0156 ఉంటే అది 20 మిల్లీగ్రాములు, 0157 అయితే 40. అన్నీ తెల్లటి మాత్రలే. ఆ రెండో ముక్కలో చివరి అంకె ఒక్కటి మారితే మోతాదు రెట్టింపు! అందుకే తొందరలో ఉన్నా సరే, స్కానర్ కాదంటే కాదు. ఎవరో ‘ఫర్వాలేదు, అదే మందు’ అన్నారని దాటవేయకు.

బిల్లింగులో ఇంకో తిరకాసు ఉంది. సీసా మీద 10 అంకెలు, ఇన్సూరెన్సుకు 11 కావాలి. 5-4-2 లెక్కకు ఏ ముక్క తక్కువైతే దాని ముందు సున్నా చేరుస్తారు. లిపిటార్‌కు మొట్టమొదట, 5-3-2 నంబరుకు మధ్య ముక్కలో, 5-4-1కి చివరి ముక్కలో. గీతలు తీసేసి రాసిన నంబరు వస్తే సున్నా ఎక్కడ పెట్టాలో ఊహించకు, సీసా చూడు.

నంబరు ఉందంటే ఎఫ్‌డీఏ ఆమోదం ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. కాదు. ఏ విడతలో తయారైందో చెప్పే లాట్ నంబరు కూడా వేరే సంగతి. 2018లో బీపీ మందు వల్సార్టన్‌ను వెనక్కి పిలిచినప్పుడు రెండూ చూసుకోవలసి వచ్చింది.

వచ్చే నెల మీ అమ్మానాన్నలు వస్తున్నారట కదా. వాళ్లు ఇండియా నుంచి తెచ్చుకునే స్ట్రిప్పుల మీద ఎన్‌డీసీ ఉండదు. 2023 ఆగస్టు నుంచి అక్కడ 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ వేస్తున్నారు గానీ, మన ఫార్మసీ లెక్కలకు అది పనికిరాదు. బ్రాండు పేర్లు వదిలేసి ప్రతి మందు జెనెరిక్ పేరూ, మోతాదూ ఒక కాగితం మీద రాయించు. డోలో వేసుకున్న మనిషికి జ్వరం తగ్గలేదని టైలెనాల్ ఇస్తే అదే పారాసిటమాల్ రెండోసారి ఇచ్చినట్టు. విమానం ఎక్కకముందే ఆ కాగితం ఫొటో నాకూ పంపించు.

ఇట్లు,
మీ పెదనాన్న