ఒక్క కుంటలో కలిసి బ్రతుకు చేపలు

వరికుంటపాడు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల కుంటలు ముఖ్యముగా ఈశాన్య ఋతుపవనముల వానను నమ్ముకొన్నవి. కార్తీకమునకు నిండిన నీరు ఎండలు ముదురునప్పటికి అడుగంటును. ఈ కొద్ది నెలల నీటిలో సంఘమువారు చేపపిల్లలను విడిచినపుడు, పట్టుబడినాటికి విడిచిన వానిలో సగమైనను దొరకకపోవుట కలదు. దొంగలు పట్టిరని ఒకరినొకరు అనుమానించుకొనుటకు ముందు, ఆ నీటిలో ఏ చేపను ఏ చేపతో కాపురముంచితిమో విచారించుకొనవలెను.

పట్టణములలో గాజుతొట్టెయందు ఏంజెల్ చేపలను పెంచువారు ఈ పాఠమును ముందుగా నేర్తురు. దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతపు ఈ చేప చూపునకు సాధువుగా నుండును. దాని చిన్నతనమున నియాన్ టెట్రా యను సన్నని చేపలను దానితో విడిచినచో కొంతకాలము కలిసి తిరుగును. అది పెరిగి నోరు పెద్దదైన పిమ్మట ఆ నేస్తములే దానికి మేతయగును. జంటకట్టి గ్రుడ్లు పెట్టినచో ఒక మూలను ఆక్రమించి తక్కినవానిని తరుమును. కావున అనుభవజ్ఞులు దానికి ఈడైన పరిమాణముగల శాంతమైన చేపలనే తోడుంతురు. నోటికి పట్టునది మేత, పట్టనిది పొరుగు. మన కుంటకును ఇదియే సూత్రము.

కలిసి బ్రతుకగల చేపలు మనకు మూడు కలవు. బొచ్చె నీటి పైభాగమున తేలు సూక్ష్మజీవులను తినును. శీలావతి నడిమి నీటిలో మేయును. మోసు అడుగున కుళ్లిన ఆకు, అలములను ఏరుకొనును. ఒకదాని కంచములో మరియొకటి చేయి పెట్టదు. పది పిల్లలలో బొచ్చె 4, శీలావతి 3, మోసు 3 చొప్పున విడుచుట వాడుక. లోతు తక్కువైన కుంటలో బొచ్చెను తగ్గించి మోసును హెచ్చింపవచ్చును. మేత, ఎరువు వేయగలచోట ఎకరమునకు సుమారు 2000 పిల్లలు చాలును, వేయలేనిచోట తగ్గింపవలెను.

కొఱ్ఱమేను, వాలుగ, మార్పు చేపలు వీనికి శత్రువులు. కుంట ఎండినది గదా, అవి చచ్చినవని తలపరాదు. కొఱ్ఱమేను, మార్పు చేపలు గాలిని పీల్చి తడిబురదలో దాగి బ్రతుకగలవు. తొలివానకు ఒక అడుగు నీరు చేరినపుడే ఎకరమునకు సుమారు 300 కిలోల ఇప్పచెక్కను నానబెట్టి చల్లినచో అవి చచ్చి తేలును. నీరు మూడడుగులైన పిదప చల్లినచో మూడింతలు కావలెను. ఆలస్యమునకు వెల ఇది. మూడు వారములవరకు పిల్లలను విడువరాదు, పశువులను దింపరాదు. అటుపిమ్మట ఆ చెక్కయే ఎరువుగా మారును.

పూర్వము పిల్లలను నదులలో పట్టి తెచ్చుటచే శత్రుజాతులును వానితో కలిసి వచ్చెడివి. 1957లో ఒరిస్సాలోని అంగుల్ నందు హీరాలాల్ చౌధురిగారు పీయూషగ్రంథి రసమును సూదితో ఎక్కించి ఈ జాతి చేపలచే గ్రుడ్లు పెట్టించిరి. నాటినుండి కలగలుపులేని పిల్లలను తయారుచేయుటకు దారి ఏర్పడెను. మన నీరు కొద్దినాళ్లే నిలుచును గనుక నాలుగంగుళముల పిల్లలనే కొనుడు. పెద్దపిల్ల శత్రువు నోటికి సులువుగా చిక్కదు; త్వరగా తూకమునకు వచ్చును.

పిల్లలు వచ్చిన సంచులను ఉదయమున గాని సాయంకాలమున గాని విప్పక ఇరువది నిమిషములు కుంటనీటిలో తేలనిండు. పిమ్మట కుంటనీటిని కొంచెము కొంచెముగా సంచిలోనికి కలిపి, పిల్లలు తమంత తామే వెలికి ఈదునట్లు చేయుడు. ఒక్కసారిగా కుమ్మరించినచో వేడిమి భేదముచే చచ్చును.

తుదిమాట. కొఱ్ఱమేనుకు వెల హెచ్చని ఒక్క సభ్యుడు గుట్టుగా నాలుగింటిని విడిచినచో, అందరి వాటాధనము వాని కడుపున పడును. ఎవరే చేపను విడుతురో సంఘము పుస్తకమున ముందుగా వ్రాసికొనుడు.