అభిమాని కలం

పాఠ్యభాగ ఉద్దేశం

తనకు ప్రీతిపాత్రమైన కళను గురించి నిష్పాక్షికంగా రాయడం ఎట్లో విద్యార్థులకు తెలియజేయడం, జపాన్ చలనచిత్రాల సమీక్షను ఆధారంగా చేసుకొని ప్రాచీనాలంకారికుల విమర్శదృష్టిని పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

కృష్ణానది సాగరాన్ని చేరే సీమకు తెలుగు సినిమా విమర్శతో పాతబంధం ఉంది. 1902లో బందరులో వెలసిన ‘కృష్ణాపత్రిక’ రాజకీయాలతో, సాహిత్యంతో పాటు సినిమాకూ తన పుటలలో చోటిచ్చింది. 1930ల దశకంలో బందరుకు చెందిన కమలాకర కామేశ్వరరావు ఆ పత్రికలో ‘సినీఫాన్’ అనే పేరుతో చిత్రసమీక్షలు రాశారు. తరువాతి కాలంలో ‘నర్తనశాల’ (1963) వంటి పౌరాణిక చిత్రాలకు దర్శకత్వం వహించిన ఆయన మొదట ప్రేక్షకుల పక్షాన కలం పట్టినవారే. ఆ కలంపేరు ఒక ప్రశ్నను మన ముందుంచుతుంది. ఫాన్ అంటే అభిమాని. అభిమాని విమర్శకుడు కాగలడా?

ఈ ప్రశ్న నేటి విద్యార్థులకు దూరమైనది కాదు. జపాన్ దేశపు బొమ్మల చిత్రాలను ‘యానిమే’ అంటారు. 1992లో యుగో సాకో, రామ్ మోహన్, కొయిచి ససాకీల దర్శకత్వంలో జపాన్, భారతదేశాల కళాకారులు కలిసి రూపొందించిన రామాయణ యానిమే 2025 జనవరిలో తెలుగు మాటలతో మన ప్రేక్షకుల ముందుకు వచ్చింది. అదే సంవత్సరం సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ కూడా తెలుగులో వినిపించింది. తోట్లవల్లూరు లంకల్లో పసుపు, కంద పండించే కుటుంబంలోని పిల్లలు సైతం జపాన్ కథానాయకుల పేర్లు తడుముకోకుండా చెప్పగలుగుతున్నారు. చూసినవారు చూడనివారికి చెప్పాలని ఉబలాటపడతారు. సమీక్షకు బీజం ఆ ఉబలాటమే.

పదవ శతాబ్దం నాటి రాజశేఖరుడు తన ‘కావ్యమీమాంస’లో ప్రతిభను రెండు విధాలుగా విభజించాడు. కవికి ఉపకరించేది కారయిత్రి. భావకునికి, అనగా రసాస్వాదకునికి ఉపకరించేది భావయిత్రి. భావకులు నాలుగు తెగలవారని కూడా ఆయన చెప్పాడు. ఏదీ రుచించనివాడు అరోచకి. గడ్డీ గాదమూ సహా అన్నిటినీ ఆరగించేవాడు సతృణాభ్యవహారి. ఓర్వలేనివాడు మత్సరి. సారాన్ని శోధించేవాడు తత్త్వాభినివేశి. వెయ్యేండ్ల నాటి ఈ విభజన నేటి చిత్రసమీక్షకులకు చక్కగా సరిపోతుంది.

అభిమానికి పొంచి ఉన్న మొదటి ప్రమాదం సతృణాభ్యవహారిత. ఇష్టమైన దర్శకుని చిత్రం గనుక అంతా బాగుందనడం అందులోని గడ్డిని కూడా అన్నమనడమే. ఇక యానిమే అంటే పసిపిల్లల బొమ్మలని చూడకుండానే తోసిపుచ్చేవాడు అరోచకి. తెరపై క్షణానికి ఇరవైనాలుగు చట్రాలు కదులుతాయి. జపాన్ చిత్రకారులు పలుచోట్ల ఒక్కొక్క బొమ్మను రెండు మూడు చట్రాలపాటు నిలిపి, తక్కువ బొమ్మలతోనే కదలికను స్ఫురింపజేస్తారు. అంతేకాక మాటకూ మాటకూ నడుమ, చేష్టకూ చేష్టకూ నడుమ ఉండే విరామాన్ని ‘మా’ అనే పేరుతో జపనీయులు కళలో భాగంగా ఆదరిస్తారు. ఈ సంగతి తెలియనివాడు ఆ నిశ్చలతను లోపమని రాస్తాడు. తెలిసినవాడు అది ఎక్కడ అర్థవంతమో, ఎక్కడ కేవలం ఖర్చు తగ్గించే ఉపాయమో విడదీసి చెబుతాడు.

రామాయణ యానిమేను చూసే తెలుగువాని మనస్సులో ‘లవకుశ’ (1963) నాటి రాముని రూపం ముందే కొలువై ఉంటుంది. పెద్దకన్నుల జపాన్ గీతలోని రాముడు ఆ రూపానికి భిన్నుడు. ఆ భేదాన్నే దోషంగా ఎంచరాదు. అరణ్యానికి బయలుదేరే రామునిలో ధర్మనిశ్చయం కనిపించిందా లేదా అన్నది అడగవలసిన ప్రశ్న.

ఒకే కథ బొమ్మలుగాను, నటులతోను వచ్చినప్పుడు సమీక్షకుని పని మరింత సూక్ష్మమవుతుంది. అకియుకి నోసాకా 1967లో రాసిన కథను ఇసావో తకహతా ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ (1988) అనే యానిమేగా తీశారు. 1945లో కోబె నగరంపై బాంబులు కురిసినప్పుడు తల్లిని పోగొట్టుకొన్న సెయితా, అతని చిట్టిచెల్లెలు సెత్సుకో ఆకలితో పోరాడే కథ ఇది. అన్న మరణం తొలి దృశ్యంలోనే మనకు తెలుస్తుంది. ముగింపును దాచడమే సమీక్షకుని ప్రధానధర్మమని తలచేవారు ఈ చిత్రాన్ని గమనించాలి. అయిపోయిన పిప్పరమెంట్ల డబ్బాలో అన్న నీళ్లు పోసి, ఆ చివరి తీపిని చెల్లెలికి తాగించే ఘట్టంలో కథ తెలిసినవాని కన్ను కూడా చెమరుస్తుంది.

నానాటికీ క్షీణించే పసిదేహాన్ని చిత్రకారుడు గీతతో చూపగలడు. నటించే బిడ్డను పస్తుంచలేం గదా! అయితే నటులతో తీసిన రూపాలకూ వాటి బలం ఉంది. 2005 నాటి జపాన్ టెలివిజన్ చిత్రం ఈ కథను పిల్లలకు ఆశ్రయమిచ్చిన బంధువురాలి వైపు నుండి చెప్పింది. యానిమేలో కఠినాత్మురాలిగా తోచిన ఆమె ఇందులో తన బిడ్డల కడుపు నింపలేక నలిగిపోయే తల్లి. “యానిమేలాగా లేదు” అని ఒక్కమాటతో తేల్చేసే అభిమానికి ఈ మార్పు కనిపించదు. మార్చడం వల్ల కథకు ఏమి చేకూరింది, ఏమి జారిపోయింది అని తూచేవాడే తత్త్వాభినివేశి.

తోట్లవల్లూరు నుండి ఒక కుటుంబం విజయవాడకు వెళ్లి సినిమా చూడాలంటే బస్సు ఛార్జీ, టిక్కెట్లు, ఒకపూట పని అన్నీ లెక్కకు వస్తాయి. సమీక్షను నమ్మి బయలుదేరినవారి సొమ్ముకు, కాలానికి రాసినవాడు జవాబుదారీ. అభిమానసంఘంలోని స్నేహితులు నొచ్చుకుంటారని లోపాన్ని దాచిపెడితే ఆ నష్టం భరించేది పాఠకుడు. పదిసార్లు చూసిన అభిమానికి తెలిసినంత లోతు ఒక్కసారి చూసినవానికి తెలియదు. ఆ తెలిసినదంతా, మంచితోపాటు చెడునూ, పాఠకుని ముందుంచడమే అభిమాని చేయదగిన పని.

కఠినపదాలు – అర్థాలు

భావకుడు: కళను ఆస్వాదించి విలువకట్టేవాడు
అరోచకి: ఏదీ రుచించనివాడు
సతృణాభ్యవహారి: గడ్డితో సహా తినేవాడు
మత్సరి: అసూయ గలవాడు
తత్త్వాభినివేశి: సారాన్ని గ్రహించాలనే పట్టుదల గలవాడు

ప్రశ్నలు

1. రాజశేఖరుడు పేర్కొన్న నలుగురు భావకులను గురించి వివరించండి.
2. ఒకే కథ యానిమేగాను, నటులతోను వచ్చినప్పుడు సమీక్షకుడు గమనించవలసిన అంశాలేవి?
3. మీకు మిక్కిలి ఇష్టమైన ఒక చిత్రంలోని ఒక గుణాన్ని, ఒక లోపాన్ని సకారణంగా పదిహేను పంక్తులలో రాయండి.